చెంచుల ఋతూత్సవములు – మన కావ్యదృష్టి

ఆదిమవాసి యన్నమాట వినబడగనే తెలుగువాని మనస్సున మెదలు మూర్తి విల్లమ్ములు చేబూనిన వేటకానిది. ఈ మూర్తి యెట్లేర్పడినది, ఎంతవరకు సత్యము, దానివలన మన పరిశోధనకు గలిగిన నష్టమేమి యను ప్రశ్నలను చెంచుల పండుగల నాధారముగా గొని యీ వ్యాసమున విచారింపదలచితిమి. మా వాదమును మొదటనే చెప్పుట మేలు. చెంచులు ప్రధానముగా వేటచే బ్రతికినవారు కారు. అడవి ఋతువు ననుసరించి యిచ్చు గడ్డను, పువ్వును, పండును, తేనెను కూర్చుకొని బ్రతికినవారు. వారి పండుగలను నడపునదియు ఆ ఋతుక్రమమే. మన కవులు వేటను మాత్రమే చూచిరి. మన విమర్శకులు కవులు చూచినదానినే చూచిరి.

నల్లమలకు తూర్పున, వినుకొండ సీమలోని నూజెండ్ల వంటి చోట నిలిచి చూచినచో ఈ విషయము మరింత స్పష్టమగును. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వినుకొండ సీమ నొరసికొనియే సముద్రమువైపు సాగును. ఇచ్చటి మెట్టపొలముల రైతునకు అడవి పరాయిది కాదు. అతని ఇంటి కుంకుడుకాయ, ఉసిరికాయ, తేనె, చీపురు ఎవరో యేరి తెచ్చినవే. అయినను పల్నాటి సాహిత్యమనగా మనకు వీరచరిత్రయే; పల్నాటి పండుగ యనగా కార్తికమాసమున కారెంపూడిలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేళ్లతో అయిదు దినములు జరుగు వీరుల తిరునాళ్లే. 12వ శతాబ్ది నాటి యుద్ధమును దినముల వారీగా నేటికిని స్మరించు సీమ, తన పడమటి అడవి యంచున నున్న చెంచుల సంవత్సరము నెట్లు గడచునో యెన్నడును అడిగినట్లు లేదు. వీరులను పాడుటకు పిచ్చుకుంట్లవారు కలరు. గడ్డ త్రవ్వినవారిని పాడుటకు వృత్తిగాయకులు లేరు. పోరు కథయగును, ఏరుట కథ గాదు అను భావము మనలో నంత లోతున నాటుకొన్నది.

ఇది కేవలము కవులనాటి సంగతి గాదు. ఆ సీమనుండియే వచ్చి మా శాఖలో పరిశోధనకు చేరిన విద్యార్థి యొకడు చెంచుల మౌఖిక సాహిత్యముపై సిద్ధాంతవ్యాసమునకు ప్రణాళిక సిద్ధపరచి తెచ్చెను. వేటదేవతలు, వేటపాటలు, వేటసామగ్రి, వేటకథలు – ఇవి నాలుగు ప్రధాన ప్రకరణములు. కడపట ‘ఇతర వృత్తులు’ అను శీర్షిక క్రింద గడ్డలు, తేనె, జిగురు. విద్యార్థి శ్రద్ధాళువే, అతడు చదివిన వ్యాసములు విషయము నట్లు విభజించినవి గాన అతడును అట్లే విభజించెను. ప్రశ్నావళిలో వేటను గూర్చి నలువది ప్రశ్నలుండి తేనెను గూర్చి మూడుండినచో, సమాధానములును ఆ పాళ్లలోనే వచ్చును. ఆ పాళ్లను చూపి, ఇది వేటజాతి యని నిర్ణయించుట మన అలవాటు.

కావ్యములలో ఈ అలవాటునకు మూలము వెదకబోయినచో ముందుగా ధూర్జటియొద్ద ఆగవలెను. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములోని తిన్నని కథవలె ఆటవిక జీవితమును అంత చనువుతో చిత్రించిన ఘట్టము మన ప్రబంధ వాఙ్మయమున మరియొకటి యున్నదని మేము భావింపము. పొత్తపినాటిలోని ఉడుమూరు, తిన్నని శైశవము, ఆ బాలుర ఆటల సుదీర్ఘమైన జాబితా, వేటకు ముందు జరుగు కాట్రేని జాతర – ఇవి పండితుడు గ్రంథములలో చూచి వ్రాసినవిగా తోపవు. కాట్రేడు ఆస్థానదేవత కాడు. ఏ పురాణమును అతనికి వంశవృక్షము గల్పింపలేదు. ఊరి యెల్లకు ఆవల నున్న యిట్టి దేవరను, అతని తిరునాళ్లను తెలుగు పద్యమున నెక్కించుట ధూర్జటి ధైర్యమునకు నిదర్శనము. ఈ మెచ్చుకోలు సంపూర్ణముగా నిచ్చిన పిదపనే మా ఆక్షేపణ.

ఆ జాతర కథలో నిలిచిన చోటెక్కడ? వేటకు పూర్వాంగముగా. పండుగ జరుగును, వేట మొదలగును, వేటలో తిన్నడు దారితప్పినట్లై శివుని చేరును. కథానిర్మాణమునకు ఇది యవసరమే, కాదనము. కాని యీ యమరికవలన పాఠకునకు గలుగు భావమేమనగా, అడవివారి పండుగ యనగా వేటకు బయలుదేరు సంబరమే యని. ఉడుమూరి స్త్రీలు ఆ సంవత్సరమున మిగిలిన మూడు వందల దినములు ఏమి చేసిరో, ఆ పల్లెకు అనుదినము కూడు ఎవరు తెచ్చిరో కావ్యమునకు పట్టలేదు. తిన్నని పూజనే చూడుడు. విమర్శకులందరు మాంసనివేదనమువద్ద ఆగి, భక్తియా ఆచారమా యను చర్చలోనికి దిగుదురు. తిన్నడు తెచ్చినది మాంస మొక్కటియే కాదు గదా! పుక్కిట నీరు, సిగలో పువ్వు గూడ తెచ్చెను. ఈ కథను 12వ శతాబ్దిలో చెప్పిన తమిళ పెరియపురాణమున మాంసమునకు తేనె కలుపుట యున్నది. నీరు, పువ్వు, తేనె – మూడును అడవిలో కూర్చుకొన్నవి. ఆ నివేదనమున వేటాడి తెచ్చినది యొకటి, ఏరి తెచ్చినవి మూడు. ఇన్ని శతాబ్దుల వ్యాఖ్యానమున ఆ మూటిని అమాయకత్వమునకు చిహ్నములుగా నెంచితిమే గాని, ఒక జీవనవిధానమునకు సాక్ష్యములుగా నెంచలేదు.

తక్కిన ప్రబంధములలోని మృగయావర్ణనలను గూర్చి విస్తరింపనక్కరలేదు. రాజు వేటకు వెడలును. ఆటవికులు కానుకలతో ఎదురు వత్తురు. ఆ కానుకలలో తేనెయు నుండును. తేనెను ఎవరు, ఏ కొండచరియనుండి, ఎట్లు దించిరో చెప్పిన కవిని మేమెరుగము. అడవిపంట కావ్యములోనికి వచ్చినపుడు కప్పముగా వచ్చినది.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. స్త్రీలు గుంపుగా కూడి చెట్లనుండి కూర్చుకొనుట యను దృశ్యము మన కావ్యములకు తెలియనిది గాదు. దానికొక పేరును, ఒక స్థానమును గలవు. పుష్పాపచయము. ఉద్యానవిహారములో భాగముగా నాయిక చెలికత్తెలతో పూలు కోయును, కొమ్మ నందుకొనును, ముల్లు గ్రుచ్చుకొన్నదనును, తుమ్మెద ముసరినదనును. శతాబ్దుల పాటు కవులు దీనికి వన్నె దిద్దిరి. అదే ఫాల్గుణ చైత్రములలో, తెల్లవారకముందే లేచి, విప్పచెట్టు క్రింద రాలిన పువ్వును బుట్ట కెత్తు చెంచుస్త్రీ ఆ వర్ణనకు వెలిగానే నిలిచినది. రెండును పువ్వు లేరుటయే. ఒకటి క్రీడ, మరియొకటి కూడు. క్రీడకు కావ్యశాస్త్రమున చోటున్నది, కూటికి లేకపోయినది. ఆ చోటు లేమినే మన మింతకాలము ‘వర్ణనీయాంశము లేమి’ యని భ్రమించితిమి.

చెంచులక్ష్మి కథకు వచ్చినపుడు మా వాదమునకు కొంత అడ్డు తగులును. దానిని దాచుట న్యాయము గాదు. అహోబిల నారసింహుడు చెంచుకన్నియను వలచి పెండ్లాడిన యీ కథ యక్షగానములకు, వీథినాటకములకు ప్రాణప్రదమైనది. ఓబయమంత్రి గరుడాచలము అందు ప్రసిద్ధము. 1961లో వెలువడిన ఎస్. వి. జోగారావుగారి ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర ఈ శాఖను పరిశోధకులకు సుగమము చేసినది. కథ 1943లో నొకమారు, 1958లో నొకమారు చలనచిత్రముగా వచ్చినది. ఆ రెండవ చిత్రమున నాయిక నాయకుని పరీక్షించు పాట యొకటి కలదు. తెలుగునాట నెల్లరకు తెలిసినదే గాన ఉదాహరింపము.  సింహమును చంపితివా యని యడుగదు. చెట్టునెక్కి చివరికొమ్మను చిగురు కోయగలడా యని యడుగును. హిరణ్యకశిపుని చీల్చిన దేవునకు అడవి పెట్టిన ప్రవేశపరీక్ష చిగురు కోయుట! చిత్రమును చూచినవారు దీనిని సరసముగానే గ్రహించిరి. అది సరసమే. కాని ఆ సరసము నిలుచుటకు ఆధారమైన సామాజిక సత్యము, అడవిలో అల్లునకు కావలసినది చెట్టెక్కు నేర్పు అనునది. ప్రబంధము దాచినదానిని చలనచిత్రగీతము బయటపెట్టినది.

అహోబిలమున కనుమనాడు మొదలగు పారువేట యుత్సవమును గూడ ఈ దృష్టితో మరల చదువవలసియున్నది. పేరు వేటయే. ఆరంభమున చెంచులు పల్లకివైపు బాణములు వేయుదురు; చూడవచ్చినవారి కన్నులు ఆ బాణములపైనే నిలుచును. కాని తరువాత జరుగునదేమి? ఉత్సవమూర్తులు నలువది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములలో తిరుగుదురు. ప్రతి గ్రామమున విడిది, నైవేద్యము, ఫాల్గుణమున జరుగు కల్యాణమునకు పిలుపు. ఏ మృగమును చంపరు. పంట యింటికి వచ్చిన దినములలో దేవుడే గడపగడపకు వచ్చి బంధువులను పిలిచికొనుట యిది. ఊరూర కలసి, ఊరూర పంచుకొను తిరుగాట. వేటయను పేరు దీనికి పైకప్పు మాత్రమే. పేరునుబట్టి వస్తువును నిర్ణయించువారు ఉత్సవమున ఒక్క దినమును చూచి తక్కిన దినములను విడిచినవారగుదురు.

పారువేటలో చెంచు అతిథి. సలేశ్వరమున చెంచే అర్చకుడు. తెలంగాణ నల్లమలలో, లోతైన లోయలోని జలపాతము చెంత, చైత్రపూర్ణిమకు జరుగు లింగమయ్య జాతరయే ఈ వ్యాసమునకు ముఖ్యమైన లక్ష్యము. దాని కాలమును గమనింపుడు. విప్పపువ్వు రాలు దినములు ముగియవచ్చు సమయమది. మొర్రిపండు, తునికిపండు వచ్చుచున్న సమయము. తేనెపట్టులు నిండు సమయము. చెట్లాకు రాల్చి దారులు తెరపియైనవి. వానలకు ముందు దూరపు పెంటల బంధువులు కలసికొనుటకు ఇంతకంటె అనువైన పున్నమి లేదు. (చెంచుల గూడెమును పెంట యందురు. ఈ మాటను పేడకుప్పగా నర్థము చేసికొని నవ్వు పట్టణపు విద్యార్థులకు నల్లమలలోని ఊరిపేళ్ల పట్టిక యొకటి చదివి వినిపించుట మంచి మందు.) పంచాంగములో నది పున్నమి, అడవి లెక్కలో నది యొక యేరుబడి ముగిసి మరియొకటి మొదలగు సంధి. ఇపుడీ జాతరకు పట్టణములనుండి వేలకొలది యాత్రికులు వచ్చుచున్నారు. పులుల అభయారణ్యము గావున ఇటీవలి సంవత్సరములలో అటవీశాఖ ప్రవేశమును కొద్ది దినములకే పరిమితము చేయుచున్నది. యాత్రికుల సందడిలో చెంచుపూజారి ఛాయాచిత్రమునకు నిలువబడు మూర్తి యగుచున్నాడు. జాతర యేల ఆ మాసముననే యను ప్రశ్నను అడుగువారు తగ్గుచున్నారు.

ఈ ప్రశ్నకు గ్రంథస్థమైన ఆధారము లేకపోలేదు. 1940లో అమ్రాబాదు పీఠభూమి చెంచులతో నివసించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో ఆంగ్లమున ప్రకటించిన చెంచుల గ్రంథము నేటికిని మూలాధారమే. వారి భోజనమునకు ఆధారము గడ్డలు, పండ్లు, పూలే గాని వేటమాంసము కాదని అతడు తేటపరచెను. గరేలమైసమ్మ యను దేవత వేటకు మాత్రమే గాక అడవి కూటికంతకును అధిదేవతయని ఆ గ్రంథమువలన తెలియుచున్నది. చెంచుస్త్రీ చేతి పనిముట్టు ఇనుప పొన్ను వేసిన త్రవ్వుకోల. బిడ్డ నడక నేర్చినంతనే తల్లివెంట గడ్డలకు పోవును. మన వ్యాసకర్తలు ఈ గ్రంథమును పేర్కొనుచునే యుందురు. కాని దానిలో నుండి విల్లును దెచ్చి త్రవ్వుకోలను అక్కడనే విడిచివచ్చిరి. 1958లో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయసాహిత్యమును ప్రకటించిన పిదప శ్రామికగేయములు – నాట్లపాట, దంపుళ్లపాట – పరిశోధనార్హములని అందరు నంగీకరించిరి. రైతు స్త్రీ శ్రమకు దొరకిన ఈ గౌరవము అడవి స్త్రీ శ్రమకు నింకను దొరకవలసి యున్నది.

తూర్పు కనుమలలో ఈ లోటు ఇంత లేదు. అచ్చటి కొండరెడ్లలో, కోయలలో కొత్త పండుగ లను వాడుక కలదు: మామిడి గాని, చిక్కుడు గాని, ఆ యేటి క్రొత్త ఫలమును దేవతకు పెట్టి ఊరంతయు కలసి పండుగ చేయువరకు ఎవరును తినరు. మా యూహలో ఇది భక్తి యెంతయో సంయమము నంత. పిందెను కాపాడుటకు పండుగకంటె సులభమైన కట్టుబాటు లేదు. విశాఖ మన్యపు ఇటుకల పండుగలో పురుషులు వేటకు పోవుదురు. రిక్తహస్తములతో వచ్చినవారిపై స్త్రీలు పేడనీరు చల్లి పరిహసింతురు. వేట యెంత నమ్మరాని జీవనాధారమో ఆ పేడనీటికంటె బాగుగ చెప్పిన పరిశోధనపత్రమును మేము చదువలేదు.

ఏరుటయే పండుగకు కారణమగుట మన దేశమునకే పరిమితము గాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున బున్యా యను వృక్షము కలదు. సుమారు మూడేండ్ల కొకసారి అది విరివిగా కాయును. ఆ యేట ఆ కొండల ఆదిమవాసులు వందల మైళ్ల దూరపు తెగలకు కబురంపెడివారు. నెలల తరబడి గింజలు కాల్చి తినుచు, తగవులు తీర్చుకొనుచు, పెండ్లిండ్లు కుదుర్చుకొనుచు కలసి యుండెడివారు. 1842లో గవర్నరు గిప్సు ఆ వృక్షములున్న భూములలో వలసదారులు స్థిరపడరాదని, చెట్లు కొట్టరాదని శాసించెను. క్వీన్స్‌లాండు వేరు పడిన పిదప 1860లో ఆ రక్షణ తొలగినది. 20వ శతాబ్ది ఆరంభమునకు పెద్ద కూటములు నిలిచిపోయినవి. ఇపుడు మరల చిన్న యెత్తున వాని స్మృతిగా ఉత్సవములు జరుపుచున్నారు. ఆ ఉత్సవములకు చెట్టే నిమంత్రకుడు. కాయని యేట పిలుపు లేదు.

మన ఆదివాసీ దినోత్సవమునకు చెట్టుతో పని లేదు. ఆగస్టు 9 ఎట్లు వచ్చినది? 1982లో ఆ దినమున ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన కార్యవర్గము తొలిసారి సమావేశమైనది. ఆ స్మృతిగా 1994లో సర్వసభ ఆ దినమును నిర్ణయించినది. ప్రపంచమునకంతకు ఒక్క దినము కావలెను గాన ఆ నిర్ణయమును తప్పుపట్టము. కాని నల్లమలలో ఆ దినమున వానయే గాని, విప్పపువ్వు రాలదు, లింగమయ్య జాతర లేదు. ఋతువు లేని పండుగకు వస్తువు కరవైనపుడు వేదికపైకి వచ్చునది వేషము. ఆకులు కట్టి, విల్లు పట్టి, గంతులు వేయు నృత్యము. 2011 జనగణనము నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 64,227 మంది చెంచులుండిరి. వారందరి తరపున సభలలో మనము చూచుచున్నది ధూర్జటికాలము నాటి వేటగాని ప్రతిబింబమే.

దీనిలోని అన్యాయము కేవలము సౌందర్యవిషయము గాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, సంప్రదాయసిద్ధమైన తక్కిన హక్కులను గుర్తించుచు, వేటహక్కును ప్రత్యేకముగా మినహాయించినది. అదే చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయమును నిర్వచించుచు తేనెను, మైనమును, దుంపలను, వేళ్లను పేరుపేరున పేర్కొని, వానిని కూర్చుకొను హక్కును స్థిరపరచినది. అనగా కావ్యమున కెక్కని గడ్డ శాసనమున కెక్కినది. చెంచు ఏ పనికి చట్టము ఎదుట హక్కుదారుడో ఆ పనిని మన సాహిత్యము, మన సభలు, మన సిద్ధాంతవ్యాసములు మరుగుపరచుచున్నవి. ఏ పని అపరాధమో దానినే అతని సంస్కృతి యని చప్పట్లు కొట్టుచున్నవి. పెంటవారు అభయారణ్యములో నుండతగుదురా యను వివాదము లేచినపుడు, ‘వీరు వేటజాతి గదా’ యను వాక్యమునకు ఎంత బరువున్నదో విద్యార్థులు గ్రహింపవలెను. ఆ వాక్యమును పెంచి పోషించినవారిలో తెలుగు శాఖలును కలవు.

ఇంతకు చేయవలసినదేమి యని అడుగుదురు. ప్రణాళికను వృత్తులనుబట్టి గాక మాసములనుబట్టి వేయవలెనని మా సూచన. చైత్రమున ఏ పువ్వు, ఏ పండు, ఏ పాట. ఆషాఢమున ఏ ఆకు. పుష్యమున ఏ కాయ. గడ్డల పేళ్లు, తీగను చూచి గడ్డ లోతును చెప్పు మాటలు, త్రవ్వినపుడు తలను మరల మట్టిలో నుంచు వాడుక యెక్కడ కలదో ఎక్కడ లేదో – ఇవి స్త్రీలను అడుగవలసినవి. ఇంతవరకు మనవారు కూర్చున్నది పెద్దల చావడిలో. పోవలసినది తవ్వుకోలల వెంట. పాటలు తక్కువ దొరకవచ్చును. ఏరువారు తరచు మౌనముగా నేరుదురు. మాటలు మాత్రము విస్తారముగా దొరకును, అవి నిఘంటువులకు కావలసినవి.

ఏరుటలో రసమెక్కడ, వేటలో నున్న ఉద్వేగమెక్కడ యని కొందరు సహృదయులు మాతో వాదించియున్నారు. వారికి తేనె దించు పద్ధతి నొక్కటి చెప్పి విరమింతుము. కొండచరియ నడుమ పట్టు. పైనుండి నారతాడు జారవిడుతురు. రాత్రివేళ, పొగ నడుమ, ఒకడు తాడు పట్టుకొని శూన్యములోనికి దిగును. పైన ఆ తాడు పట్టుకొని నిలువవలసినవాడు అన్నదమ్ముడు కాడు, బావమరిది కావలెను అందురు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాటి కొననే వ్రేలాడుచున్నవి గనుక వాడు విడువడు.